పట్టికలో పేరు

ప్రతి సంవత్సరం వార్షిక సంచిక వెలువడే రోజులు దగ్గరపడగానే సంపాదకవర్గంవారు మా గదికి రావడం, మేము ప్రబంధ సాహిత్యాన్ని గురించో జాషువా కవితను గురించో నాలుగు పుటలు వ్రాసి ఇవ్వడం ఆనవాయితీగా జరుగుతున్నది. ఈసారి అట్టి వ్యాసం వ్రాయబోవడం లేదు. తెలుగు చెప్పుకొనే వారికి డేటాబేసుతో ఏమి పని అని మీరు అడుగవచ్చు. కళాశాల కమిటీ పెద్దలు కూడ మొదట అట్లే అడిగినారు. ఆ పని మా మెడకు ఎట్లా చుట్టుకొన్నదో, అందులో మేము చేసిన తప్పేమిటో, దానివలన ఎవరు నష్టపడినారో ఇక్కడ చెప్పదలచినాము. మన విద్యార్థులలో చాలామంది డిగ్రీ చేతికి రాకముందే శిక్షణాలయాలలో చేరి డేటాబేసులు, వెబ్ అప్లికేషన్లు నేర్చుకొంటున్నారు. వారికి పనికివచ్చే మాటలు ఇందులో కొన్ని ఉండకపోవు.

మేముండేది గడ్డిఅన్నారం. సాయంకాలం మెట్రో రైలులో వచ్చి దిల్‌సుఖ్‌నగర్ స్టేషనులో దిగి ఇంటికి నడిచిపోయే దారిలో ఎటు చూచినా శిక్షణాలయాల బోర్డులే. ఒక మేడకు నాలుగంతస్తులుంటే నాలుగింటికీ నాలుగు బోర్డులు. జావా, పైథాన్, ఒరాకిల్ అనే పేర్లు హాస్టళ్ల బోర్డులతోను, టిఫిను సెంటర్ల బోర్డులతోను కలిసిపోయి కనిపిస్తవి. మెట్లక్రింద నిలబడి కరపత్రాలు పంచే కుర్రవాళ్లు ఎవరినీ వదలరు. ఒకనాడు మా చంకలో భారతం ఆదిపర్వం ఉండగా చూచి కూడ ఒకతను "సార్, డెమో క్లాసు ఫ్రీ" అని కరపత్రాన్ని ఆ పుస్తకం మీదనే పెట్టినాడు. దానిని పుటగుర్తుగా వాడుకొన్నాము. ఆ విద్యతో అంతకుమించిన సంబంధం మాకు అప్పటికి లేదు.

కళాశాల ప్రవేశాల రిజిస్టరును కంప్యూటరులోకి ఎక్కించాలని కమిటీవారు నిశ్చయించినప్పుడు, ఆ పనికి ముందుకు వచ్చినవారు ఇద్దరు పూర్వ విద్యార్థులు. ఇద్దరూ మా వద్ద తెలుగు ద్వితీయ భాషగా చదివినవారే. తరువాత దిల్‌సుఖ్‌నగర్‌లో మైఎస్‌క్యూఎల్, పీహెచ్‌పీ నేర్చుకొన్నారు. పారితోషికంగా వారు అడిగినది చాయ్, ఉస్మానియా బిస్కట్లు మాత్రమే. మన నోటీసులు, ధ్రువపత్రాలు, ఈ సంచిక రెండు భాషలలో వెలువడుతవి గనుక ప్రతి విద్యార్థి పేరు ఇంగ్లీషు, తెలుగు, ఉర్దూ మూడు లిపులలో ఉండాలన్నారు. పేర్లు సరిచూచే బాధ్యత మా మీద పడినది.

డేటాబేసు అనగానే అదేదో మంత్రశాస్త్రమని భయపడవలసినది లేదు. మన కార్యాలయంలో బీరువాలో ఉన్న ఎర్రగీతల రిజిస్టరు కూడ ఒక పట్టికయే. అడ్డువరుసకు ఒక విద్యార్థి. నిలువువరుసకు ఒక విషయం. 1970లో ఐబీఎం సంస్థలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ అనే గణితవేత్త, సమాచారాన్నంతటినీ ఇట్టి పట్టికలుగానే అమర్చవచ్చుననీ, ఒక పట్టికకు ఇంకొక పట్టికకు గల సంబంధాన్ని అందులోని విలువల ద్వారానే తెలుపవచ్చుననీ, ఏది ఏ మూల దాగి ఉన్నదో వాడేవానికి తెలియవలసిన అవసరం లేదనీ ప్రతిపాదించినాడు. ఈనాటి ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్ మొదలైనవన్నీ ఆ వ్యాసానికి వారసులే. ఇంతవరకు మాకు సులభంగానే బోధపడినది. చిక్కంతా ఆ గళ్లలో ఏమి వ్రాయాలన్నచోట వచ్చినది.

మన కళాశాలలో సగానికి పైగా వరుసలలో, విద్యార్థి పేరులోనో తండ్రి పేరులోనో 'మహమ్మద్' అనే మాట ఉంటుంది. ఇంగ్లీషులో దానిని వ్రాసే తీరులు అన్నిన్ని కావు. కొందరికి ఎం, డి అని రెండక్షరాలు, ప్రక్కన ఒక చుక్క. కొందరికి ఆ చుక్క లేదు. కొందరికి ఎం, ఓ, హెచ్, డి అని నాలుగు. పూర్తిగా వ్రాసినవారికి ఎనిమిది అక్షరాలు; ఆ ఎనిమిదిలో ఏడవది ఒకరికి ఏ, ఒకరికి ఈ. మరికొందరికి రెండవ అక్షరం ఓ కాదు, యూ. మా సంగతే చూడండి. మా నాన్నగారు మా పేరును ఉర్దూలో వ్రాసి ఇచ్చినారు; బడిలో పంతులుగారు దానిని తెలుగులో వ్రాసుకొన్నారు; పదవ తరగతి దరఖాస్తు నింపినవారు తెలుగు నుండి ఇంగ్లీషుకు మార్చినారు. ఫలితంగా పదవ తరగతి మెమోలో మేము చుక్కతోడి రెండక్షరాల మనిషిమి, ఇంటర్మీడియటులో నాలుగక్షరాల మనిషిమి, ఎం.ఏ. పట్టాలో ఎనిమిదక్షరాల మనిషిమి. ఉద్యోగంలో చేరిననాడు ఈ ముగ్గురూ ఒక్కరేనని నోటరీ ముందు ప్రమాణం చేయవలసి వచ్చినది.

ఇంత అనుభవం ఉన్నవారు ఆ గడి జోలికి పోకుండ ఉండవలసినది. కాని భాష చెప్పేవారికి ఒక వ్యసనం ఉంటుంది: వర్ణక్రమం ఒక్కతీరుగా లేకపోతే చేయి ఊరుకోదు. ఒక సాయంకాలం తెరమీద ఆ వరుసలు చూచి మాకు రోత పుట్టినది. "ఇదేమి సంత! అన్నింటినీ ఎనిమిదక్షరాల రూపంలోకి మార్చెయ్యి" అని పెద్దవానితో అన్నాము. అతడు "సార్, అన్నీనా?" అని ఒకసారి అడిగినాడు. "అన్నీ" అన్నాము. అతడు రెండు ఆజ్ఞలు టైపు చేసినాడు. విద్యార్థి పేరు, తండ్రి పేరు రెండు వరుసలలోను పాత రూపాలు మాయమై కొత్త రూపం వచ్చినది. ఒక్క క్షణం కూడ పట్టలేదు. మేము చాయ్ తాగి సంతృప్తితో ఇంటికి పోయినాము.

మరునాడే ఒక వింత బయటపడినది. హమ్దాన్ అనే విద్యార్థి పేరు 'హామహమ్మదాన్' అని మారి ఉన్నది. మెమోలలో పేర్లన్నీ పెద్దబడి అక్షరాలలో ఉంటవి గదా; హమ్దాన్ అనే పేరు నడుమ ఎం, డి అనే రెండక్షరాలు ప్రక్కప్రక్కనే వస్తవి. యంత్రానికి అది పేరులో ముక్క అని తెలియదు. మార్చుమన్నాము గనుక మార్చినది. కార్యాలయమంతా నవ్వుకొన్నాము. ఆ ఒక్క పేరును దిద్ది, ఇక తప్పులు లేవనుకొన్నాము. పొరపాటు అక్కడనే జరిగినది. వికారంగా కనిపించే తప్పు ఎవరి కంటనైనా పడుతుంది. అందంగా, వ్యాకరణశుద్ధంగా కనిపించే తప్పులు ఆ పట్టికనిండా కూర్చొని ఉన్నవి, వాటిని ఎవరూ చూడలేదు.

సుమారు మూడు నెలల తరువాత ఒక విద్యార్థిని తండ్రి కళాశాలకు వచ్చినాడు. ఆయన పండ్ల మార్కెటులో హమాలీ. మార్కెటు గడ్డిఅన్నారం పేరుతో కొత్తపేటలో ఉన్నంతకాలం ఇంటి నుండి నడిచి పనికి పోయేవాడు. 2021–22లో దానిని బాటసింగారానికి తరలించిన తరువాత తెల్లవారుజామున విజయవాడ రోడ్డు పట్టుకొని పోవలసి వస్తున్నది. ఆ రోజు కూలి వదులుకొని వచ్చినాడు. చేతిలో ఉపకారవేతనపు దరఖాస్తు, తిరిగివచ్చినది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"సాబ్, నా పేరు మా అబ్బా పెట్టిండు. బిడ్డ మెమోల ఎండీ అనే ఉన్నది. మీ కాలేజీ కాగితంల వేరే ఉన్నదని వాపసు పంపిండ్రు. నేను వేరే మనిషినా?"

మా పట్టిక నుండి అచ్చయిన ధ్రువపత్రంలో ఆయన పేరు ఎనిమిదక్షరాలతో నిగనిగలాడుతున్నది. మెమోలో చుక్కతోడి రెండక్షరాలు. అవతలి కంప్యూటరు రెండింటినీ పోల్చి, ఇద్దరు వేరువేరు తండ్రులని తేల్చినది. ఎందుకు ఇట్లా అయినదో మాకు వెంటనే తెలిసినది. ఆయనకు చెప్పడానికి నోరు రావడానికి కొంతసేపు పట్టినది.

పాత రూపాలు తిరిగి తెచ్చుకొందామంటే బ్యాకప్ ఉన్నది, కాని లేదు. రోజూ రాత్రి పట్టిక నకలు ఒకటి అదే కంప్యూటరులో వేరొక ఫోల్డరులో పడేటట్లు కుర్రవాళ్లు ఏర్పాటు చేసినారు. ఏడు రోజులు దాటినది చెరిగిపోయి కొత్తది వస్తుంది. మూడు నెలల నాటి తప్పు ఏడు నకళ్లలోను యథాతథంగా ఉన్నది. మమ్ములను ఆ రోజు కాపాడినది ఎర్రగీతల రిజిస్టరు. "కంప్యూటరు వచ్చింది గదా సార్, ఇదెందుకు" అని అందరూ అంటున్నా వినక, గుమాస్తాగారు ప్రతి ప్రవేశాన్ని మెమో చూచి స్వహస్తంతో అందులో వ్రాస్తూనే ఉన్నారు. మూడు సాయంకాలాలు ఆయన చదువుతూ ఉండగా మేము తెరమీద దిద్దినాము. చుక్క ఉన్నదా లేదా అని ప్రతి పేరుకూ అడిగినాము. ఆయన ఒక్కసారి కూడ విసుగుకొనలేదు. అది మాకు మరింత కష్టంగా ఉండినది.

ఆ అమ్మాయి దరఖాస్తు గడువు లోపలనే మళ్లీ పోయినది, మంజూరు కూడ అయినది. కాని డబ్బు వచ్చేసరికి పరీక్షరుసుము కట్టే తేదీ దాటిపోయినది. రుసుము మేము కడతామన్నాము. తండ్రి ఒప్పుకొనలేదు, మార్కెటులో ఎవరివద్దనో బదులు తెచ్చి కట్టినాడు. ఆ బదులుకు ఆయన ఎంత వడ్డీ ఇచ్చినాడో మేము అడుగలేదు, ఆయన చెప్పలేదు.

అప్పటినుండి మా పట్టికలో పేరుకు రెండు చోటులు ఉన్నవి. ఒకటి, ధ్రువపత్రంలో ఉన్నది ఉన్నట్లుగా, చుక్కతో సహా. దానిని ఎవరూ అందంగా చేయరాదు. రెండవది పిలిచే పేరు, మూడు లిపులలో; నోటీసుకు, సంచికకు దానిని వాడుకోవచ్చును, దిద్దుకోవచ్చును. ఇక మనిషిని గుర్తించేది ఈ రెండూ కాదు, ప్రవేశ సంఖ్య. పేరును పట్టికకు తాళంచెవిగా, అనగా ప్రైమరీ కీగా, ఎన్నడూ పెట్టరాదు. ఒకే పేరు గలవారు ఇద్దరుంటారు. ఒకే మనిషికి రెండు పేర్లుంటవి. పేరు మారుతుంది కూడ.

దీనికి దూరం పోనవసరం లేదు. దిల్‌సుఖ్‌నగర్‌కు ముందు మెట్రో స్టేషను మూసారాంబాగ్. నిజాము సైన్యానికి అధిపతిగా ఉండి 1798లో మరణించిన ఫ్రెంచి సేనాని రేమండ్ పేరున ఆ ప్రాంతం ఏర్పడినదని చెప్పుకొంటారు. ఆయనను ముస్లిములు మూసా రహీం అనీ, హిందువులు మూసా రాం అనీ పిలుచుకొన్నారట. అస్మాన్‌గఢ్ గుట్టమీద ఆయన సమాధి ఇప్పటికీ ఉన్నది. ఆయన ఈ కాలంలో ఉండి ఉపకారవేతనానికి దరఖాస్తు పెట్టి ఉంటే ముగ్గురు మనుషులుగా తేలేవాడు.

పేరు గడిని రెండుగా చీల్చి 'ఇంటిపేరు తప్పనిసరి' అని ఎర్రచుక్క పెట్టడం ఇంకొక దురలవాటు. అన్ని సమాజాలకు ఇంటిపేర్లు ఉండవు. మన పిల్లలలో ఎందరో ఆ గడిలో ఏమి వ్రాయాలో తెలియక ఒక చుక్క పెట్టి ముందుకు పోతున్నారు. తెలుగువారికి ఇంటిపేరు ముందు వస్తుంది, ఇంగ్లీషువారికి వెనుక. పాస్‌పోర్టులో పేరంతా ఇంటిపేరు గడిలోనే పడి, పెట్టిన పేరు గడి ఖాళీగా ఉంటే, అమెరికా వీసామీద ఆ ఖాళీలో 'ఎఫ్‌ఎన్‌యు' అని అచ్చువేస్తారు. మొదటి పేరు తెలియదని దాని అర్థం. అక్కడికి చేరిన తరువాత బ్యాంకులోను, విశ్వవిద్యాలయంలోను ఆ మూడక్షరాలే పేరుగా చలామణి కావడం మనవారు పడే అవస్థలలో ఒకటి. పూర్తి పేరుకు ఒకే గడి ఇచ్చి, పిలిచే పేరుకు వేరొకటి ఇస్తే చాలును.

ఇక పట్టికను మార్చే పద్ధతి. అప్‌డేట్ అనే ఆజ్ఞ ఇచ్చేముందు, అదే షరతుతో సెలెక్ట్ అనే ఆజ్ఞ ఇచ్చి ఏయే వరుసలు మారబోతున్నవో కండ్లారా చూచుకోవాలి. ఆనాడు మేము ఆ పని చేసి ఉంటే హమ్దాన్ ముందే కనబడేవాడు. రెండవది, ట్రాన్సాక్షన్. 'ఇప్పుడు మొదలుపెడుతున్నాము' అని యంత్రానికి చెప్పి మార్పు చేసి, ఫలితం చూచి, నచ్చితే కమిట్ అనాలి, నచ్చకపోతే రోల్‌బ్యాక్ అనాలి. మైఎస్‌క్యూఎల్‌లో ఈ సంగతి మనం చెప్పకపోతే ప్రతి ఆజ్ఞా తనంతట తానే ఖాయమైపోతుంది. వెనుకకు తీసుకొనే వీలుండదు. మూడవది చరిత్ర పట్టిక: ఏ గడిలో పాత విలువ ఏమిటి, కొత్తది ఏమిటి, ఎవరు, ఏ తేదీన, ఏ కాగితం చూచి మార్చినారు. చిన్నవాడు దానిని ఒక్క పూటలో తయారుచేసినాడు. ముందే ఉండి ఉంటే మా మూడు సాయంకాలాలు ఒక్క నిమిషంలో అయిపోయేవి, ఆయనకు ఒక రోజు కూలి మిగిలేది.

బ్యాకప్ విషయంలో మేము నేర్చుకొన్నది ఒక్కటే. నకలు తీసినంతమాత్రాన చాలదు. దాని నుండి పట్టికను తిరిగి నిలబెట్టి చూడాలి. ఇప్పుడు వారం వారం ఒక నకలు, నెలకొకటి చొప్పున వేరొక నకలు తీసి, సంవత్సరమంతా నిలువచేస్తున్నాము. ఒక ప్రతి కళాశాల బయట, రహస్యలిపిలో భద్రపరచబడి ఉంటుంది. రెండు నెలలకొకసారి ఖాళీ కంప్యూటరులో దానిని తెరచి పది పేర్లు రిజిస్టరుతో పోల్చుతాము. మొదటిసారి తెరవబోతే తెరుచుకొనలేదు. ఆ సంగతి అవసరం లేనినాడే తెలిసినందుకు సంతోషించినాము.

లిపుల విషయం మా స్వంత రాజ్యం గనుక కొంచెం విస్తరించి చెబుతాము. 'మహమ్మద్' అనే మాటకు తెలుగులో మన లెక్కకు నాలుగక్షరాలు. ఉర్దూలోను నాలుగే: మీమ్, హే, మీమ్, దాల్. కాని యూనికోడ్ లెక్కలో తెలుగు మాటకు ఏడు సంకేతాలు. మ్మ అనే జంటకు మూడు, చివరి పొల్లుతోడి ద్ అనే దానికి రెండు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు, ఉర్దూ అక్షరానికి రెండు. కనుక ఇంగ్లీషులో 8, ఉర్దూలో 8 బైట్లు పట్టే మాట తెలుగులో 21 బైట్లు పడుతుంది. ఒరాకిల్‌లో గడి పొడవు 20 అని వ్రాస్తే, వేరుగా చెప్పనంతవరకు, అది 20 బైట్లని అర్థం. అనగా తెలుగు మహమ్మద్ ఆ గడిలో పట్టడు! ఇంగ్లీషు పేర్లతో మాత్రమే పరీక్షించి 'అంతా బాగున్నది' అనేవారికి ఈ సంగతి ఎన్నటికీ తెలియదు. మైఎస్‌క్యూఎల్‌లో పొడవు అక్షరసంకేతాల లెక్కనే ఉంటుంది, కాని అక్కడ 'యూటీఎఫ్8' అనే పాత పేరును గాక, 2010లో వచ్చిన 'యూటీఎఫ్8ఎంబీ4' అనే దానిని ఎంచుకోవాలి.

మన పాత సంచికల సంగతి మీకు తెలుసు. తెలుగు భాగం అను ఫాంట్లలోను, ఉర్దూ భాగం ఇన్‌పేజ్‌లోను కూర్చినవి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెలుగు వ్యాసం ఇంగ్లీషు అక్షరాల గందరగోళంగా కనబడుతుంది. ఎందుకనగా లోపల ఉన్నవి నిజంగా ఇంగ్లీషు సంకేతాలే, పైన తెలుగు వేషం మాత్రమే. దానిని యూనికోడులోకి మార్చుకొనే ఉపాయాలున్నవి. కాని పట్టికలో తెలుగు పేరు బదులు ప్రశ్నార్థకాలు వరుసగా కనబడితే సాధారణంగా ఆశ వదులుకోవలసినదే. అక్కడ అక్షరాలు దాగి ఉండలేదు, పోయినవి.

కంటికి ఒకటిగా కనబడి యంత్రానికి రెండుగా తోచేవి మరికొన్ని ఉన్నవి. హైదరాబాద్ అనే మాటలో 'హై' మీది ఐత్వాన్ని ఒకే సంకేతంగాను వ్రాయవచ్చును, ఎత్వం, దానిక్రింది గుర్తు అని రెండుగాను వ్రాయవచ్చును. చూపుకు భేదం లేదు. యంత్రంలో వెదకితే ఒక హైదరాబాద్ దొరికి ఇంకొక హైదరాబాద్ దొరకదు. దిల్‌సుఖ్‌నగర్ కథ మరీ రమ్యమైనది. పొల్లు తరువాతి హల్లుతో అతుక్కొని 'దిల్సుఖ్నగర్' కాకుండ ఉండడానికి నడుమ కంటికి కనబడని ఒక సంకేతం వేస్తాము. కొందరు దానికి బదులు ఖాళీ వదులుతారు. కొందరు ఏదీ వేయరు. మా పట్టికలో ఒకే వీధి పిల్లలు మూడు దిల్‌సుఖ్‌నగర్లలో కాపురముండినారు. ఉర్దూలో యే, కాఫ్ అనే అక్షరాలకు అరబ్బీ సంకేతాలు వేరు, ఉర్దూ సంకేతాలు వేరు. మాట నడుమ వచ్చినప్పుడు అవి ఒకేరీతిగా కనిపిస్తవి. ఒక ఫోనులో కొట్టిన పేరు ఇంకొక ఫోనుకు దొరకకపోవడానికి కారణం అదే. వీటికి మందు ఏమనగా, లోపలికి తీసుకొనేటప్పుడే అన్నింటినీ ఒక రూపానికి తెచ్చే నార్మలైజేషన్ చేయడం, వెదకడానికి వేరొక గడి పెట్టుకోవడం. ఐత్వం సంగతి ప్రామాణికమైన నార్మలైజేషన్ చూచుకొంటుంది. ఉర్దూ యే, కనబడని సంకేతం వంటివి మనమే చూచుకోవాలి. ధ్రువపత్రపు గడిని మాత్రం ఇందులోనికి లాగరాదు.

ఒక అమ్మాయి పేరు ఖుర్రతుల్ ఐన్. ఇంగ్లీషులో నడుమ ఒక కొమ్ము గుర్తు ఉన్నది. ఆమె పేరు కొట్టగానే మా వెబ్ పుట చతికిలబడినది. కుర్రవాళ్లు ఆజ్ఞను, పేరును ఒకే వాక్యంగా కుట్టి పంపుతున్నారు. పేరులోని కొమ్మును చూచి యంత్రం ఉద్ధరణ ముగిసినదనుకొని, మిగిలిన పేరును ఆజ్ఞగా చదివినది. పాపం ఆ అమ్మాయి పేరులో ప్రమాదకరమైనది ఏమీ లేదు. ఆ స్థానంలో దుర్బుద్ధితో ఆజ్ఞనే వ్రాసేవాడు వచ్చి ఉంటే పట్టిక మొత్తం తుడిచిపెట్టి పోయేవాడు. కాబట్టి ఆజ్ఞను వేరుగా, విలువను వేరుగా పంపే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ పద్ధతినే వాడాలి. కొమ్మును తీసివేసి పేరు వ్రాసుకొమ్మని పిల్లతో అనడం పరిష్కారం కాదు.

ఎక్స్‌ఎంఎల్ ఇంకొక పాఠం చెప్పినది. ఒక కార్యాలయంవారు విద్యార్థుల వివరాలు ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా పంపమన్నారు. 1998లో ప్రమాణంగా వెలువడిన ఈ పద్ధతిలో ప్రతి విలువకు ముందు వెనుక దాని పేరు తెలిపే గుర్తులుంటవి. ఏ యంత్రమైనా చదువుకొంటుంది. కాని ఒక్క గుర్తు తప్పితే ఫైలంతా తిరస్కరించాలని దాని నియమం. మా ఫైలు అట్లే తిరిగివచ్చినది. వెదకగా, ఒక తండ్రి వృత్తి గడిలో ఇంగ్లీషులో 'పండ్లు & కూరగాయలు' అని ఉన్నది. ఎక్స్‌ఎంఎల్‌లో నడిమి గుర్తుకు ప్రత్యేకార్థం ఉన్నది. దానిని మామూలు మాటగా వాడదలచినప్పుడు మారుసంకేతంతో వ్రాయాలి. పండ్ల మార్కెటువారి పిల్లలు చదివే కళాశాలకు ఈ గుర్తు తప్పదు గదా! ముక్కలు ముక్కలుగా వాక్యాలు అతికించి ఎక్స్‌ఎంఎల్ తయారుచేయక, అందుకొరకే ఉన్న లైబ్రరీచేత వ్రాయిస్తే ఈ బెడద లేదు.

చిన్నవి రెండు. టెలిఫోను సంఖ్యను సంఖ్యగా దాచితే హైదరాబాదు 040లోని ముందు సున్న ఎగిరిపోయి 40 మిగులుతుంది. కూడడం, తీసివేయడం అవసరంలేని అంకెలను అక్షరాలుగానే దాచాలి. తండ్రి ఆదాయం గడిలో ఖాళీ వేరు, సున్న వేరు. తండ్రి లేని పిల్లకు ఖాళీని సున్నగా అచ్చువేస్తే, ఉన్న తండ్రి సంపాదించడం లేదని అర్థమవుతుంది.

చిరునామా స్థిరమైనదని అనుకొనేవారు గడ్డిఅన్నారం వచ్చి చూడాలి. ఒకప్పుడు మాది ప్రత్యేక పురపాలక సంఘం. 2007లో గ్రేటర్ హైదరాబాద్ మహానగర పాలక సంస్థలో కలిసినది. 2014 జూన్ 2న రాష్ట్రం మారినది. రాష్ట్రంలో జిల్లాలు 2016లో 10 నుండి 31 అయినవి, 2019లో 33 అయినవి. బండ్ల సంఖ్యలకు ముందు ఏపీ పోయి టీఎస్ వచ్చినది, 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చినది. ఇల్లు మాత్రం అంగుళం కదలలేదు. కనుక జిల్లాల పేర్లను ప్రోగ్రాములో చెక్కిపెట్టరాదు. వాటికి ఒక పట్టిక, అందులో ఎప్పటినుండి ఎప్పటివరకు అనే తేదీలు ఉండాలి. పాత విద్యార్థి బదిలీపత్రం అడిగితే ఆనాటి జిల్లాయే రావాలి గాని ఈనాటిది కాదు.

ఇంకొక మాట కమిటీవారికి విన్నపం. అడగవచ్చును గదా అని ఆధారు మొదలైనవన్నీ పట్టికలో నింపడం మంచిది కాదు. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చినది. చట్టం లేకున్నా, ఒకరి వివరాలు మనవద్ద ఉన్నంతకాలం వాటి కాపలా కూడ మనదే. అవసరం లేనిదానిని దాచకపోతే పోగొట్టుకొనే భయం ఉండదు.

ఉర్దూ వరుసలోని యేలను, కాఫ్‌లను ఉర్దూ అధ్యాపకులు, మేము ప్రతి శనివారం కూర్చొని సరిచూస్తున్నాము. ఇంకా రెండు తరగతులు మిగిలి ఉన్నవి. తమ పేరు పట్టికలో తప్పుగా ఉన్నదని తోచినవారు ఆ సమయానికి మెమో తీసుకొని కార్యాలయానికి రావలెను. మెమో చూడకుండ ఇప్పుడు మేము ఒక చుక్కనైనా కదల్చము.